బాగాయం దారి



కిందటిసారి కోట లోపలి జలకంఠేశ్వరుడి గుడి గురించి రాసినప్పుడు, తర్వాత ఆస్పత్రి చరిత్ర రాయమని చాలామంది అడిగారు. రాస్తాము, కానీ పెద్దాస్పత్రి గురించి కాదు, బాగాయం గురించి అనేసరికి ఇద్దరు ముగ్గురు పెద్దలు "ఆ మాటెందుకయ్యా ఇప్పుడు" అన్నారు. మద్రాసులో కీళ్పాక్కం అన్నా, హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నా, మన వైపు బాగాయం అన్నా జనం అనుకునేది ఒకటే. పెళ్ళిచూపులనాడు ఎవరైనా ఆ పేరు ఎత్తారంటే ఆ సంబంధం అంతే. ఈ భయంతో మన ఇళ్ళల్లో ఎంతమంది లోలోపలే కుమిలిపోయారో మాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకని ఈసారి దీన్నే రాస్తున్నాము. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మేము రాసేది పెద్ద పిచ్చి గురించి కాదు. పెళ్ళయి అత్తగారింటికి పోయిన పిల్ల, మొదటి కాన్పయిన తల్లి, మొగుడు పోయిన ఆడమనిషి, ఉద్యోగం అయిపోయిన మగమనిషి, పిల్లలు బెంగుళూరుకో అమెరికాకో పోయాక ఇంట్లో మిగిలిన ముసలి దంపతులు, వీళ్ళ గురించి. జీవితం ఒక పట్టా మీద నుంచి ఇంకో పట్టా మీదికి మారేటప్పుడు మనసు తట్టుకోలేకపోతుంది. నిద్ర ఉండదు, అన్నం సయించదు, ఊరికే కన్నీళ్ళొస్తాయి. "ఏమైంది" అంటే చెప్పేదానికి మాట రాదు. దీనికి మన వైపు ఏ కాలంలో ఏం చేశారన్నదే ఈ వ్యాసం.

పాతకాలం వాళ్ళు ఏమీ చెయ్యలేదనుకుంటే అది తప్పు. పదకొండో రోజు, పదహారో రోజు, ఏడాది దాకా మాసికాలు, వీటి వెనక ఒక లెక్క ఉంది. దుఃఖం ఒక్కరోజులో తీరదని వాళ్ళకు తెలుసు. మనిషిని ఒంటరిగా వదలకుండా నెలనెలా ఇల్లు నింపేవాళ్ళు. ఇక మనసు బొత్తిగా చెదిరినవాళ్ళను ఘటికాచలం తీసుకుపోయేవాళ్ళు, అంటే మన షోలింగూరు. పెద్ద కొండ మీద యోగ నరసింహస్వామి, చిన్న కొండ మీద యోగ ఆంజనేయస్వామి. కింద తక్కాన్ కొలనులో స్నానం చేసి, రోజూ కొండెక్కి దిగుతూ, అక్కడే రోజుల తరబడి ఉండిపోతారు. (స్టేషన్ పేరు షోలింగూరని నమ్మి రైలు దిగినవాళ్ళకు చెబుతున్నాము, ఊరు అక్కడికి చాలా దూరం.) మా అమ్మ చెప్పేది, గుడియాత్తం నుంచి చుట్టాల్లో ఒకామె బిడ్డ పోయాక అక్కడ ఒక మండలం ఉండి వచ్చిందని. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. 2002లో బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు తమిళనాడులోని ఒక చిన్న గుడిలో ఉండి బాగుపడదామని వచ్చిన 31 మందిని పరీక్షించి రాశారు. అక్కడ మందూ లేదు, ప్రత్యేక పూజా లేదు. మంచి చోట, తోడు మనిషితో, ఏదో ఒక పని చేసుకుంటూ కొన్ని వారాలు ఉండడమే. అయినా వాళ్ళ బాధ లెక్కకు వచ్చేంతగా తగ్గింది. కానీ ఇదే తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదలలేక చచ్చిపోయారు. చోటు మంచిదైతేనే కాదు, చూసుకునే చేతులు కూడా మంచివై ఉండాలి.

సర్కారు వైపు చూస్తే, చెన్నపట్నంలో 1794లోనే వాలెంటైన్ కొనొల్లీ అనే సర్జన్ ఒక పిచ్చాస్పత్రి పెట్టాడు. కీళ్పాక్కంలో ఇప్పుడున్నది 1871లో మొదలైంది. 1912 నాటి చట్టం పేరే 'ఇండియన్ లూనసీ యాక్ట్'. మనిషిని లోపల పెట్టడానికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు అడిగే చట్టం అది. గుడియాత్తం నుంచి ఒక మనిషిని రైల్లో మద్రాసు తీసుకుపోయి, కోర్టు కాగితంతో గేటు లోపల వదిలి, తిరుగు రైలెక్కి వచ్చేయాలి. చాలామందికి మళ్ళీ పోయి చూసే స్తోమతే ఉండదు. అట్లాంటి చోటికి రిటైరైన గుమాస్తానో, బాలింతనో ఎవరు పంపుతారు? పంపలేదు. ఇంట్లో గదిలో పెట్టి తలుపేసుకున్నారు.

ఇక్కడ మన రాయవేలూరు కథలోకి వస్తుంది.

ఐడా స్కడర్ గారి కథ అందరికీ తెలిసిందే కనుక రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాము. 1870లో రాణిపేటలో పుట్టారు, 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టారు, 1918లో ఆడవాళ్ళకు వైద్యం నేర్పే బడి పెట్టారు. అదే ఈనాటి సీఎంసీ. ఆ సంస్థ మనసు వైద్యానికి విడిగా బాగాయంలో కేంద్రం తెరిచింది 1957లో. దాన్ని నిలబెట్టినవారు కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికోల్స్ అనే ఆమె. ఆ కేంద్రంలో పెట్టిన పద్ధతే దాని గొప్ప. రోగి ఒక్కడే రాకూడదు. ఇంటి మనిషి ఒకరు తోడుగా వచ్చి, రోగితోపాటే అక్కడ ఉండాలి.

ఈ ఆలోచన వేలూరుకు ముందు పంజాబులో ఒకాయనకు వచ్చింది. అమృతసర్ మానసిక ఆస్పత్రి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్. 1950ల్లో ఆయన ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్ళను అందులో ఉండమన్నారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ, మనుషులూ పోగొట్టుకుని వచ్చిన ప్రాంతం అది. ఇంటివాళ్ళు దగ్గరుంటే రోగి భయపడడు. జబ్బేమిటో, దాన్ని ఎట్లా ఓర్చుకోవాలో ఇంటివాళ్ళు కూడా నేర్చుకుంటారు. ఇంటికి పోయాక అనుమానంగా చూడరు. ఆ కాలంలో విలాయతీ ఆస్పత్రుల్లో చుట్టాలను గేటు బయటే నిలబెట్టేవాళ్ళు. మన దేశంలో డాక్టర్ల కొరత వల్ల ఇంటివాళ్ళను పిలిచారని కొందరంటారు. కొరత నిజమే. కానీ మనకు కాన్పుకు పోయినా, కన్ను ఆపరేషన్‌కు పోయినా నలుగురు వెంట పోవడం అలవాటు కదా, మనసు జబ్బుకు మాత్రం ఒంటరిగా పొమ్మంటే ఎట్లా? ఆ సంగతి వాళ్ళు కనిపెట్టారని మేమంటాము. 1963లో అమెరికా మానసిక వైద్యుల పత్రికలో ఈ కుటుంబ పద్ధతి గురించి వేలూరు నుంచి కోల్‌మేయర్, ఫెర్నాండెజ్ అనేవాళ్ళు వ్యాసం రాశారు. మన బాగాయం పేరు అట్లా సముద్రం దాటింది. ఊళ్ళో మాత్రం అది తిట్టుగానే మిగిలింది.

తర్వాత వచ్చిన డాక్టర్ అబ్రహాం వర్గీస్ (నవలలు రాసే అబ్రహాం వర్గీస్ వేరు, పేరు చూసి పొరబడకండి) ఆస్పత్రికి వచ్చినవాళ్ళను చూడడంతో ఆగలేదు. వేలూరు పట్నంలో ఇళ్ళకే పోయి, కుటుంబాల మనసు పరిస్థితి ఎట్లా ఉందో లెక్కగట్టించారు. 1973లో అది అచ్చయింది. రానివాళ్ళు ఎంతమందో తెలియాలంటే ఇల్లిల్లూ తిరగాల్సిందేనని చూపించిన పని అది.

ఈ మార్పు కాలాల బాధ గురించి ప్రపంచం ఎప్పుడు పట్టించుకుందని మేము వెతికితే, అది ఒక అగ్నిప్రమాదం దగ్గర తేలింది. 1942 నవంబరు 28న అమెరికాలో బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విందుశాల కాలిపోయి 492 మంది పోయారు. అక్కడి ఆస్పత్రిలో ఎరిక్ లిండెమాన్ అనే డాక్టరు బతికినవాళ్ళనూ, పోయినవాళ్ళ బంధువులనూ కూర్చోబెట్టి మాట్లాడించి, 1944లో రాశాడు. దుఃఖం జబ్బు కాదు, కానీ దానికి ఒక పని ఉంది, ఆ పని చెయ్యకుండా దాటవేసినవాళ్ళకు అది తర్వాత వేరే రూపంలో వస్తుంది అని. ఎనిమిది పది సార్లు కూర్చుని మాట్లాడితే, నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామంది నిలదొక్కుకుంటారని ఆయన చూశాడు. ఏళ్ళ తరబడి మందులు మింగాలేమో అని భయపడేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మన మాసికాలు కూడా గుర్తుకు రావడం లేదూ?

మేము ముప్పై ఆరేళ్ళు రైల్వేలో రిజిస్టర్లు రాసినవాళ్ళం కనుక, మాకు బాగా నచ్చింది ఇంకొకటి. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు డాక్టర్లు జీవితంలో వచ్చే 43 మార్పులను వరుసగా రాసి, ఒక్కోదానికి మార్కులు వేశారు. భార్యో భర్తో పోవడం 100. పెళ్ళి 50, అవును, మంచి సంగతే అయినా 50. ఏ మార్పయినా మనసు మీద బరువేనని వాళ్ళ వాదన. ఏడాదిలో మొత్తం 150 దాటితే జాగ్రత్త పడాలి, 300 దాటితే ఒంట్లో జబ్బు చేసే అవకాశం బాగా ఎక్కువ అన్నారు.

ఇప్పుడు మన రైల్వే మనిషి లెక్క వేద్దాము. రిటైర్మెంట్ 45. జీతం పోయి పెన్షన్ రావడం, అంటే డబ్బు పరిస్థితి మారడం 38. క్వార్టర్స్ ఖాళీ చేసి ఇల్లు మారడం 20. రోజువారీ బతుకు తీరు మారడం 25. అదే ఏడాది కూతురి పెళ్ళి చేసి పంపితే 29. మొత్తం 157. మనవాళ్ళలో సెటిల్మెంట్ డబ్బు చేతికి రాగానే కూతురి పెళ్ళి చేసినవాళ్ళు ఎంతమంది! ఇవన్నీ ఒక్క ఏడాదిలోనే పడతాయి. దానికి తోడు షష్టిపూర్తి. అందరూ వచ్చి అక్షింతలు వేసి, మాల వేసి, ఫొటో తీసి, భోజనం చేసి పోతారు. మర్నాడు పొద్దున ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

ఆ పట్టిక అమెరికావాళ్ళది కాబట్టి మన ఇంటి సంగతులు కొన్ని అందులో లేవు. 1984లో పంజాబులో గుర్మీత్ సింగ్ గారూ, ఆయనతో పనిచేసినవాళ్ళూ మన దేశానికి 51 సంగతులతో వేరే పట్టిక కట్టారు. కూతురి పెళ్ళి, చెల్లెలి పెళ్ళి, పిల్లలు లేకపోవడం, కొడుకు లేకపోవడం అన్నీ అందులో ఎక్కాయి. అది చూశాక, మన బాధ కూడా లెక్కలోకి వచ్చిందని మాకు ఒక తృప్తి.

మాతో బుకింగ్ ఆఫీసులో పనిచేసిన ఒకాయన సంగతి చెబుతాము, పేరు వద్దు. రిటైరయ్యి గుడియాత్తంలో కొడుకు ఇంటికి వచ్చేశాడు. కొడుక్కు లుంగీల వ్యాపారం. ఈయన తెల్లవారుజామున మూడింటికి లేచి షర్టు వేసుకుని స్టేషన్‌కు నడిచేవాడు. బండి పోయేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. రెండు నెలలకు అన్నం మానేశాడు. భార్య బాగాయం పోదామంటే "నాకేం పిచ్చా, బాగాయం పోయేదానికి?" అని ఇంట్లో గిన్నెలు విసిరాడు. ఆమె గట్టి మనిషి. "నీకు కాదు, నాకు నిద్ర పట్టలేదు, నాకు తోడు రా" అని తీసుకుపోయింది. అక్కడ ఇద్దరూ కలిసి కొన్నాళ్ళు ఉన్నారు. నిద్రకు కొన్ని వారాలు మాత్ర ఇచ్చారు. మిగిలినదంతా మాటలే. ముప్పై ఏళ్ళ షిఫ్టు డ్యూటీలో ఆయన ఏనాడూ ఇంటివాళ్ళతో ఒక వేళకు అన్నం తినలేదనీ, ఇప్పుడు ఆ ఇంట్లో తన వేళ ఏదో తనకే తెలియడం లేదనీ ఆ మాటల్లోనే బయటపడింది. తర్వాత కొడుకు దుకాణంలో సాయంత్రం పద్దు రాసే పని ఆయనకు ఒప్పజెప్పారు. ఇప్పటికీ రాస్తున్నాడు. ప్లాట్‌ఫారానికి కూడా పోతాడు, కానీ మనవడిని చేయి పట్టుకుని.

ఆయన మాతో చెప్పిన ఇంకో సంగతి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మొదటి వారం ఆయన తమిళంలోనే మాట్లాడాడట. బడి చదువు, ఆఫీసు, బజారు అంతా తమిళమే కదా మనకు. ఏం తిన్నాడు, ఎన్ని గంటలు నిద్రపోయాడు అన్నీ చక్కగా చెప్పాడు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి అక్కడ పనిచేస్తుంటే, ఒకరోజు ఆమె "మీ నాయన ఏం చేసేవాడు తాతా" అని తెలుగులో అడిగింది. అంతే, గంటసేపు ఏడ్చాడు. మేము కూడా తమిళంలోనే చదువుకున్నాము. మా అమ్మ ఒడిలో కూర్చుని నేర్చుకున్న తెలుగు అక్షరాలే మాకు ఈనాటికీ ఆధారం. లెక్కలు మాకు తమిళంలోనే వస్తాయి, కలలు మాత్రం తెలుగులో వస్తాయి. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది, 1953లో వేరే రాష్ట్రం అయింది. 1960లో సరిహద్దులు ఇంకోసారి సర్దారు. గుడియాత్తం ఇవతలే ఉండిపోయింది, పలమనేరులో ఉన్న మేనత్తలు అవతల ఉండిపోయారు. మన మనసు ఏ భాషలో విప్పుతామో మనకే తెలియకుండా పోయింది.

తమిళంలో కౌన్సెలింగ్‌కు 'ఆట్రుప్పడుత్తుదల్' అంటారు. తమిళ పాఠాలు చదివినవాళ్ళకు 'ఆట్రుప్పడై' అనే సంగకాలపు కావ్యాలు గుర్తుండే ఉంటాయి. దాత దగ్గర బహుమానం పొంది వస్తున్న ఒక కళాకారుడు, దారిలో ఆకలితో ఎదురైన ఇంకో కళాకారుడికి "ఈ దారిన పో, అక్కడ నీకు దొరుకుతుంది" అని దారి చెప్పడమే ఆ కావ్యం. అంటే తాను పోయి వచ్చినవాడే దారి చెబుతాడు. మన తెలుగులో ఓదార్పు అనే మాట ఉంది, మంచి మాట, కానీ అది కన్నీళ్ళు తుడవడం దగ్గర ఆగుతుంది. జస్వంత్ సింగ్ నేకీ అనే మానసిక వైద్యుడు 1973లో ఇదే రాశారు. మన దేశంలో రోగి డాక్టరును దూరపు మనిషిగా చూడడు, గురువుగా, ఇంటి పెద్దగా చూస్తాడు, కాబట్టి వైద్యం కూడా గురుశిష్యుల తీరులో నడవాలని. "మీరే చెప్పండి సార్, నేనేం చెయ్యాలి" అని అడిగితే విలాయతీ పద్ధతిలో చదివిన డాక్టరు "మీరేమనుకుంటున్నారు" అని ఎదురు అడుగుతాడు. మనవాళ్ళకు అది ఒళ్ళు మండే మాట!

ఇక ఆడవాళ్ళ సంగతి. కణియంబాడి మన వేలూరు పక్కనే, విల్లుపురం లైనులో స్టేషన్. ఆ బ్లాకు పల్లెల్లో సీఎంసీవాళ్ళు నెలలు నిండుతున్న 359 మంది గర్భిణులను కాన్పు తర్వాత కూడా చూసి 2002లో రాశారు. నూటికి 11 మందికి కాన్పు తర్వాత కొత్తగా మనసు కుంగుడు వచ్చింది. కారణాలు ఏమని తేలాయంటే, పేదరికం, మగపిల్లవాడు కావాలనుకుంటే ఆడపిల్ల పుట్టడం, అత్తతోనో కన్నవాళ్ళతోనో సరిపడకపోవడం, చేతి సాయం లేకపోవడం. ఇందులో డాక్టరు చేతిలో ఉన్నది ఎంత, మన చేతిలో ఉన్నది ఎంత? సీమంతానికి మన మండపంలో గాజుల చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. నలభయ్యో రోజున ఆ పిల్ల నిద్రపోయిందా లేదా అని ఎవరూ పోయి అడగరు.

అదే కణియంబాడిలో 1994 నుంచి 1999 దాకా జరిగిన చావులన్నిటికీ ఇంటింటికీ పోయి కారణం అడిగి రాశారు. తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు ఏడాదికి లక్షకు 95 మంది. దేశం మొత్తానికి సర్కారు చెప్పే లెక్కకు అది ఎనిమిది తొమ్మిది రెట్లు. పోలీసు రిజిస్టరులో 'కడుపునొప్పి', 'కాలుజారి బావిలో' అని రాసినవి ఇంట్లో కూర్చుని అడిగితే వేరేగా తేలతాయి. ఈ అంకె చదివిన రాత్రి మేము నిద్రపోలేదు. మన సంఘం సంతాప పుస్తకం తీసి పాత పేజీలు తిరగేశాము. ఎక్కువ రాయము.

చట్టం ఇప్పుడు మారింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలే తప్ప, అతన్ని శిక్షించకూడదంటుంది. కాబట్టి పోలీసు కేసవుతుందని దాచిపెట్టి, ఆస్పత్రికి తీసుకుపోకుండా నాటు వైద్యం చేయించకండి. 2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అని కేంద్రం ఒక ఫోను పెట్టింది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఎవరికైనా ప్రాణం మీద విరక్తి మాటలు వస్తుంటే ముందు ఆ నంబరు కలిపి చేతికివ్వండి, ఆ రాత్రికి పక్కనే పడుకోండి.

మా మాటగా సంఘానికి మూడు సంగతులు రాసి కార్యదర్శి గారికి ఇచ్చాము. ఒకటి, మన సభ్యుల్లో ఎవరు రిటైరైనా, ఎవరింట్లో చావు జరిగినా, మూడో నెలలో ఇద్దరు పోయి పలకరించాలి. మొదటి వారంలో అందరూ పోతారు, మూడో నెలలో ఎవరూ పోరు. రెండోది, బాలింతల ఇంటికి మన ఆడవాళ్ళ కమిటీ నలభయ్యో రోజున పోవాలి. పిల్లను చూడడానికి కాదు, తల్లిని చూడడానికి. మూడోది, ఆస్పత్రికి పోయే తెలుగువాళ్ళకు తోడు కావాలంటే రావడానికి సిద్ధంగా ఉండే నలుగురి పేర్లు, ఇంట్లో తెలుగు బాగా మాట్లాడేవాళ్ళవి, రాసిపెట్టుకోవాలి. అందులో మొదటి పేరు మాదే రాశాము. ఆ బుకింగ్ ఆఫీసు ఆయన తన పేరు తానే రెండోది రాశాడు. ఇంకా ఇద్దరు కావాలి.

పోదలచినవాళ్ళకు: గుడియాత్తం నుంచి పొద్దున బండిలో కాట్పాడి దిగితే, స్టేషన్ బయటే బాగాయం టౌన్ బస్సు దొరుకుతుంది. పాత చీటీలు, ఇప్పుడు మింగుతున్న మాత్రల అట్టలు వెంట పెట్టుకోండి. ఇంటి మనిషి ఒకరు తప్పకుండా రావాలి. మొదటి రోజు కూర్చోవడం ఎక్కువసేపు పడుతుంది, అన్నం కట్టుకుని పోండి.